రెండు పళ్లెముల మాట

బస్సు ఊరి పొలిమేర దాటి స్టాండులోనికి మలుపు తిరుగుచుండగా, అంతవరకును కిటికీ ప్రక్కన కునికిపాట్లు పడుచున్న ప్రయాణికుడు దిగ్గున లేచి, కండక్టరు టిక్కెట్టు వెనుక కలముతో వ్రాసి యిచ్చిన అంకెను చూపుచు, ‘బ్యాలెన్స్ ఇవ్వాలి సార్’ అని అడుగుట మనకు నిత్యము కనబడు దృశ్యమే. ఆ ప్రయాణికుడే ఫోను మొరాయించినచో ‘బ్యాలెన్స్ అయిపోయింది’ అనును. బ్యాంకు పాసుపుస్తకము తిరుగవేసి ‘బ్యాలెన్స్ ఎంత ఉంది’ అని చూచుకొనును. మెట్లు దిగుచు తూలిన తల్లిని పొదివి పట్టుకొని ‘బ్యాలెన్స్ తప్పిందమ్మా’ అనును. రాత్రి టెలివిజనులో వైద్యుడు ‘బ్యాలెన్స్‌డ్ డైట్’ను గూర్చి చెప్పుచుండగా తల యూపును. ఒక్క దినములో, ఒక్క నోట, అయిదు వేఱువేఱు సంగతులకు ఒక్కటే పేరు. కండక్టరు ఇయ్యవలసిన చిల్లరకును, కాలు నిలద్రొక్కుకొనుటకును, కంచములోని పప్పుకూరలకును గల సంబంధ మేమి? ఇవన్నియు ఒక్క మాట నీడకు ఎట్లు చేరినవి?

సమాధానము ఒక పనిముట్టులో నున్నది. ఆ పనిముట్టు నేటి అంగళ్లనుండి మెల్లమెల్లగా తొలగిపోవుచున్నందున, మాట మాత్రము తాను పుట్టిన వస్తువును పోగొట్టుకొని ఒంటరిగా తిరుగుచున్నది. ఒక కమ్మి, దాని నడుమ ఒక పిడి, రెండు కొనలనుండి వ్రేలాడు గొలుసులు, గొలుసుల క్రింద రెండు పళ్లెములు: మన తక్కెడ. లాటిను భాషలో ‘లాంక్స్’ అనగా పళ్లెము; ‘బి’ యనగా రెండు. రోమనులు తూచు సాధనమును ‘లీబ్రా’ యనిరి. వారియొద్ద ఒకవైపు కొక్కెమును మఱొకవైపు జరుపదగిన గుండును గల ఏకపక్షపు కమ్మియు వాడుకలో నుండుటచేత కాబోలు, రెండు పళ్లెములు గలదానిని ప్రత్యేకించి ‘లీబ్రా బిలాంక్స్’ అని పిలిచిరి. కాలక్రమమున అసలు పేరు రాలిపోయి విశేషణమే నామమై నిలిచెను. అది జనుల నోళ్లలో నలిగి ఇటలీలో ‘బిలాంచా’ అయి, ఫ్రాన్సులో ‘బలాన్స్’ అయి, పదుమూడవ శతాబ్దమున ఇంగ్లండు చేరెను. మొదటి యక్షరములోని ఇకారము అకారముగా మారుటకు, నాట్యమాడుట యను నర్థము గల ‘బల్లారె’ అను మఱొక లాటిను మాటతో సాంగత్యము కారణమై యుండవచ్చునని నిఘంటుకారులు కొందఱు ఊహింతురు. ఊహయే కావచ్చును గాని, గాలిలో ఊగు పళ్లెములను చూచిన కన్నులకు అది అసంగతముగా తోపదు. ఫ్రెంచివారు నేటికిని పిల్లల ఊయలను ‘బలాన్స్వార్’ అనియే పిలుతురు.

ఇచ్చట నాకు అత్యంత రమణీయముగా తోచు విషయ మొకటి కలదు. తక్కెడ యొక్కటే, కాని ఒక్కొక్క జాతి దానిలో ఒక్కొక్క భాగమును చూచి దానికి పేరు పెట్టుకొన్నది. రోమనుల కన్ను పళ్లెముపై నిలిచెను. ఆంగ్లేయులు వాడు ‘స్కేల్’ అను మాట కూడ అట్టిదే, ఉత్తర సముద్రతీరమునుండి వచ్చిన నార్సు జనుల మద్యపాత్ర పేరది. సంస్కృతమునకు పళ్లెముతో పని లేకపోయెను. ‘తుల’ అను మాటకు మూలమైన ‘తుల్’ ధాతువు పైకెత్తుటను తెలుపును, అనగా మన ప్రాచీనులు చూచినది పాత్రను గాదు, పిడి పట్టి తక్కెడను నేలనుండి లేపు చేతిని. గ్రీకుల ‘తలాంతన్’ ఈ తులకు దాయాదియే. అది మొదట తక్కెడకు, పిమ్మట ఒక బరువునకు, ఆపై ఆ బరువు వెండికి పేరై, బైబిలులో యజమాని సేవకులకు పంచియిచ్చిన ధనమును గూర్చిన నీతికథ మూలమున ‘టాలెంట్’ అయి, నేడు మన పిల్లల ప్రతిభకు పర్యాయపదముగా మన యింటికే వచ్చినది. హిందీవారి చూపు నడిమి సూదిపై పడెను. వారి ‘కాంటా’ అనగా ముల్లు, దానినే మనము ‘కాటా’ యని పత్తి మార్కెట్టులలోను ధాన్యపు యార్డులలోను వాడుచున్నాము. పారసీకుల ‘తరాజూ’ మన నోట తరాజయ్యెను, త్రాసయ్యెను. తక్కెడ యను అచ్చతెనుగు మాట వీనితోపాటు నేటికిని నిలిచియున్నది.

మఱి తెలుగువాడు దేనిని చూచెను? ఊగుటను చూచెను. తూకము, తూనిక, తూచుట: వీనికెల్ల పుట్టినిల్లు ‘తూగు’ అను క్రియ. ఉయ్యాల తూగును, నిద్రమత్తులో తల తూగును, తక్కెడలో బియ్యము తూగును. అరవమున ‘తూక్కు’ అని దీని తోబుట్టువు ఎత్తుట, వ్రేలాడదీయుట యను నర్థములలో నున్నది. పళ్లెము నిశ్చలమై నిలిచిన క్షణమును గాక, నిలుచుటకు ముందు అటునిటు ఆడు వ్యవధిని మన భాష పట్టుకొన్నది. ఇంకను చిత్రమేమనగా, సంస్కృతపు తులను తెనుగు తూగుతో ముడివేసి ‘తులతూగు’ అను మాటను నిర్మించుకొంటిమి. దాని యర్థము తూచుట కాదు, సిరిసంపదలతో పెంపొందుట. బంగారముతో సరితూగు గొప్పదనము ఆ మాట వెనుక నిలిచియుండునేమో! రెండు భాషల త్రాసులను ఒక్కచోట కట్టి ఐశ్వర్యమునకు పేరు పెట్టిన జాతి మఱొకటి కలదో లేదో నే నెఱుగను.

బడికి పోవు ప్రతి బాలుడును భయపడు ‘ఎగ్జామ్’ కూడ ఈ తక్కెడలోనిదే. లాటినులో ‘ఎక్సామెన్’ అనగా త్రాసు నడుమ నిలుచు ముల్లు. అది ఎటు మొగ్గునో చూచి తేల్చుట పరీక్ష. ‘పెన్షన్’ తూచి యిచ్చిన ధనము, నాణెములు ముద్రింపబడక లోహమును తూచి చెల్లించిన కాలపు మాట. ఫ్రెంచిలో ఆలోచించుట యనునది తూచుట యను ధాతువునుండియే పుట్టినది. బ్రిటిషు పౌండు గుర్తు అడ్డగీత గల ‘ఎల్’ అక్షరముగా నుండుటకు కారణము లీబ్రాయే. ఆకాశమున సైతము రోమనులు లీబ్రాను నిలిపిరి. అంతకుముందు గ్రీకులు ఆ నక్షత్రములను వృశ్చికపు గోళ్లుగా భావించెడివారు. రెండువేల యేండ్ల క్రిందట శరద్విషువమున, రేయింబవళ్లు సమానమగు దినమున, సూర్యుడు ఆ రాశిలో నుండుటచేత తుల యను పేరు మిక్కిలి యొప్పెను. నేడు విషువము కన్యారాశిలోనికి జరిగిపోయినది, పేరు మాత్రము నిలిచినది.

తక్కెడ అంగడి దాటి ధర్మము చెంతకు ఎప్పుడు పోయెనో చెప్పుట కష్టము, కాని మిక్కిలి ప్రాచీనకాలముననే పోయినది. ఈజిప్టువారు మృతుని హృదయమును ఒక పళ్లెమునందును, ‘మాత్’ అను సత్యదేవత ఈకను రెండవ పళ్లెమునందును ఉంచి తూచినట్లు చిత్రించిరి. ఇట్టి చిత్రమున్న ‘అని’ అను లేఖకుని పపైరసు చుట్ట, మూడువేల యేండ్లకు పైబడినది, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందు భద్రముగా నున్నది. మన ధర్మశాస్త్రములలో యాజ్ఞవల్క్యుడు చెప్పిన పంచ దివ్యములలో మొదటిది తులాదివ్యము: ఆరోపణకు గురియైన మనుష్యుని తక్కెడ నెక్కించి తూచి, దింపి, మంత్రపూర్వకముగా మరల తూచినప్పుడు అతడు పైకి లేచినచో నిర్దోషి. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను అనుసరించి పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును కూర్చెను. మనుష్యుని తూచి నిజమును తేల్చుట నేడు మనకు అంగీకార్యము కాదు. కాని ఆ నమ్మకము వెనుక, తక్కెడ అబద్ధమాడదను దృఢమైన విశ్వాస మొకటి యుండెను. అది అబద్ధమాడకుండ చూచు బాధ్యతను స్మృతికారులు రాజుపై పెట్టిరి. ఆరుమాసముల కొకపర్యాయము తూనికలను కొలతలను పరీక్షింపవలెనని మనువు తన యష్టమాధ్యాయమున విధించెను; కౌటిల్యుడు ఆరంగుళముల మొదలుకొని ఎనిమిదేసి యంగుళములు పెంచుచు పది తులలను చేయింపవలెనని అర్థశాస్త్రమున చెప్పెను.

పల్నాటిలోని చేజెర్ల గ్రామమున కపోతేశ్వరాలయ మున్నది. గజపృష్ఠాకారపు ఆ ప్రాచీనాలయమును దర్శించినవారు, పావురము పేర ఈశ్వరుడు వెలసెనని విస్మయ మొందుదురు. అది శిబిచక్రవర్తి కథతో ముడిపడిన క్షేత్రము. డేగ తరుముకొని రాగా శరణుజొచ్చిన పావురమునకు సరితూగు మాంసమును తన తొడనుండి కోసి యిచ్చుటకు శిబి యొడంబడెను. ఎంత కోసి వేసినను పావురపు పళ్లెము నేలను విడువలేదు. తుదకు ఆ రాజు తానే తక్కెడ నెక్కెను. ఈ కథను నే నెన్నిమార్లు తలచుకొన్నను ఒక్క యంశముకడ మనస్సు నిలిచిపోవును: ఒక చిన్నపక్షి ప్రాణమునకు ఎదుటిపళ్లెమున ఉంచదగిన వస్తువు శరీరములో ఏ భాగమును గాదని, మొత్తము ప్రాణమే యని ఆ తక్కెడ తేల్చినది.

శ్రీకృష్ణ తులాభారము మఱొక తీర్పు. సత్యభామ భండారములోని బంగారమంతయు చాలక, రుక్మిణి యుంచిన తులసీదళమునకు స్వామి లొంగిన కథ తెలుగువారికి పురాణమున కన్న రంగస్థలమున ఎక్కువ పరిచితము. ముత్తరాజు సుబ్బారావు నాటకమున స్థానం నరసింహారావు సత్యభామ వేషముతో నడచివచ్చిన తీరును కన్నవారు జీవితాంతము చెప్పుకొనిరి. ఇక రాజులు కథతో తృప్తిపడక తామే తూగిరి: తులాపురుషదానము షోడశ మహాదానములలో మొదటిది. హంపిలో విఠలాలయమునకు చేరువ, రెండు ఎత్తైన రాతి కంబములపై అడ్డముగా నిలిపిన రాతిదూలము, దాని యడుగున మూడు రాతివలయములు నేటికిని చూడవచ్చును; తక్కెడ గొలుసులు తగిలించుట కవి. బంగారము పోయినది, రాజులు పోయిరి, వలయములు మిగిలినవి.

ఈ ‘మిగిలినవి’ అను మాటయే మనలను కండక్టరు చిల్లరకడకు తిరిగి తెచ్చును. రెండు పళ్లెముల సాధనము ‘మిగులు’ అను నర్థమును ఎట్లు పొందెను? ఇందుకు కారకులు ఇటలీ వర్తకులు. 1494లో లూకా పాచియోలి అను సన్న్యాసి గణితజ్ఞుడు వెనిసు నగరమున అచ్చువేయించిన గ్రంథమునందు, ఆ నగర వర్తకులు అంతకుముందే వాడుచున్న జంటపద్దుల పద్ధతిని విశదపఱచెను. ప్రతి వ్యవహారమును రెండుమార్లు, ఒక ప్రక్క జమగాను మఱొక ప్రక్క ఖర్చుగాను వ్రాయవలెను. తుదకు రెండు ప్రక్కల మొత్తములు సమానము కావలెను. ఎడమవైపు 500, కుడివైపు 420 వచ్చినదనుకొందము. తేలికయైన కుడిపళ్లెమున 80 వేసినగాని ముల్లు నిలువదు. ఆ వేసిన 80కి ‘బ్యాలెన్స్’ అని పేరు. అనగా మొదట అది మిగిలిన సొమ్ము కాదు. ముల్లును నిలుపుటకు వేసిన పడికట్టురాయి. పిమ్మట లెక్కల పుస్తకము చూడనివారు సైతము ఆ మాటను పట్టుకొని, మిగిలినదెల్ల బ్యాలెన్స్ అనిరి. ఇటాలియనులో లెక్కల తుదిపత్రము నేటికిని ‘బిలాంచో’.

మన కరణముల చిట్టా ఆవర్జాలలో ఈ పని జరుగకపోలేదు. వారు దానిని ‘నిలువ’ అనిరి, ‘శిల్కు’ అనిరి. నిలుచునది నిలువ, ఎంత చక్కని మాట! ‘బాకీ’ చరిత్ర మఱింత దగ్గఱిది. అరబ్బీలో ‘బాఖీ’ యనగా కేవలము మిగిలినది. మన యొద్దకు వచ్చునప్పటికి అది తీర్పవలసిన ఋణమైనది. ఒకని మిగులు మఱొకని ఋణము కాక తప్పదని ఆ మాట ప్రయాణమే చెప్పుచున్నది. కండక్టరు వ్రాసి యిచ్చు అంకె ప్రయాణికునికి బ్యాలెన్స్, కండక్టరునకు బాకీ.

రాజ్యతంత్రజ్ఞులు ‘బ్యాలెన్స్’ అను మాటను రాజ్యముల నడుమకు కొనిపోయిరి. 1713 నాటి యుట్రెక్ట్ సంధి యూరపులో ఏ యొక్క రాజవంశమును మితిమీరి బలపడకుండవలెనను నుద్దేశముతో జరిగినది; 1752లో డేవిడ్ హ్యూమ్ బలముల తూకమును గూర్చి యొకటియు, వాణిజ్యపు తూకమును గూర్చి యొకటియు వ్యాసములు ప్రకటించెను. ఆ చరిత్ర వేఱొక వ్యాసమునకు తగినది.

శాస్త్రజ్ఞుల చేతిలో తక్కెడకు కలిగిన వైభవమును మాత్రము విడువరాదు. లవోసియే 1789లో ప్రకటించిన రసాయనశాస్త్ర గ్రంథమునకు వెనుక, మూసిన పాత్రలో చర్యకు ముందును పిదపను సమస్తమును తూచుట యను ఓర్పు గలదు. ఏదియు నశింపదు, ఏదియు క్రొత్తగా పుట్టదు, రూపము మాఱును అను సత్యమును ఆయనకు చెప్పినది తక్కెడయే. 1798లో లండనులో హెన్రీ కేవెండిష్, సన్నని తీగకు వ్రేలాడు ఆరడుగుల కొయ్యకమ్మి చివరల చిన్న సీసపుగుండ్లను అమర్చి, వాని చెంతకు ఒక్కొక్కటి 158 కిలోల పెద్దగుండ్లను జరిపి, వాని యాకర్షణచేత కమ్మి రవంత మెలికపడుటను గది వెలుపలినుండి దూరదర్శినితో చూచి, భూమి సాంద్రత నీటికి సుమారు అయిదున్నర రెట్లని తేల్చెను. ఒంటరిగా, మాటలకు వెఱచు స్వభావముతో జీవించిన ఆ మనుష్యుడు గది కదలకుండ కూర్చుండి భూగోళమును తూచెను!

ఇక కిలోగ్రాము కథ. 1889 మొదలుకొని లోకమునకంతకును కిలో యనగా పారిస్ చెంతనున్న సేవ్ర్‌లో దాచిన ఒక ప్లాటినం–ఇరిడియం దిమ్మె. నూఱేండ్లలో దానికిని దాని ప్రతులకును నడుమ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనబడెను. తూనికలకు మూలమైన రాయియే మాఱినదో, ప్రతులు మాఱినవో తేల్చుటకు వేఱొక రాయి లేదు. ఈ చిక్కును విప్పినది మరల తక్కెడయే. బ్రయాన్ కిబుల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1975లో ఊహించిన సాధనమున ఒకవైపు బరువు, రెండవవైపు పళ్లెమునకు మాఱుగా విద్యుదయస్కాంత బలము. దాని సాయముతో కిలోగ్రామును ప్రకృతిలోని యొక స్థిరాంకమునకు కట్టివేసి, 2019 మే 20 నుండి ఆ దిమ్మెను పదవినుండి దింపిరి.

అంగడిలోని స్ప్రింగు త్రాసుకును పళ్లెముల తక్కెడకును గల భేదమును కూడ ఇచ్చటనే చెప్పవలెను. స్ప్రింగు భూమి లాగుబలమును చూపును; ఒకే వస్తువు భూమధ్యరేఖకడ కన్న ధ్రువమున నూటికి సుమారు అరవంతు అధికముగా తూగినట్లు చూపును. తక్కెడయందు వస్తువును పడికట్టురాయిని భూమి సమముగనే లాగును గావున ఎచ్చట తూచినను తీర్పు ఒక్కటే. రెండవ పళ్లెము లేనిది న్యాయముగా త్రాసు కాదని నా యభిప్రాయము. మాటలోనే ‘రెండు’ ఉన్నది.

తూలిన తల్లి సంగతికి వత్తును. మన లోచెవిలో మూడు వంపు నాళములు, వాని మొదట సన్నని జిగురుపొరపై నిలిచిన సున్నపు స్ఫటికములు కలవు. తల వంచినప్పుడు ఆ స్ఫటికములు బరువుచేత జరిగి, మనము ఎటు వాలుచుంటిమో మెదడునకు తెలుపును. వయస్సు మీఱగా అవి చోటు తప్పినచో గది యంతయు తిరిగినట్లుండును. ప్రతి మనుష్యుడును చెవిలో పడికట్టురాళ్లను మోయుచున్నాడు! ఇట్టి స్థితికి తెలుగున ‘నిలకడ తప్పుట’ యను మాట యుండగా, బ్యాలెన్స్ ఏల?

నా మనసులోని బాధ ఇదియే. ఆంగ్లపదము రాకూడదని నే ననను. కండక్టరు నోట బ్యాలెన్స్ తెలుగు మాటయే అయినది. కాని అది వచ్చి చిల్లరను, నిలువను, బాకీని, నిలకడను, మొగ్గును, ఒద్దికను అన్నిటిని ఒకేమాఱు ఇంటినుండి వెడలగొట్టుచున్నది. దానిని తిరిగి తెలుగు చేయబూనువారు ‘సమతుల్యత’ యందురు. తుల్యమనగానే సమానము, సమసమాన మనుట దేనికి? అంతకుమించి, బ్యాలెన్స్ సమానత కానే కాదు. సరియైన భోజనమునందు అన్నమును నూనెయు సమానముగా నుండవు. కావడి మోయువాడు ఒకవైపు బరువెక్కినచో కుండను తీసివేయడు, బద్దను భుజముపై రవంత జరుపును. అసమానములైనవి ఒకదాని నొకటి పడనీయక నిలుపుట అది. దానికి ‘పొందిక’ యను మాట చాలదా?

నా బాల్యమున మా వీథి యంగడిలో వీశె చింతపండు తూచునప్పుడు, వీశె యనగా 120 తులములు, సుమారు కిలో నాలుగువందల గ్రాములు, అంగడివాడు మొదట ఖాళీ పళ్లెములను ఎత్తి చూపెడివాడు. ఒకవైపు వాలినచో తేలికవైపు చిన్నరాయి కట్టెడివాడు. దానిని పాసంగ మనిరి. ముల్లు నిలిచిన పిదప మా అవ్వ ‘కొసరు వెయ్యి నాయనా’ అనెడిది. వాడు చిటికెడు వేసెడివాడు, పళ్లెము మావైపు మొగ్గెడిది. లీబ్రాలోను, తులలోను, పాచియోలి పుస్తకములోను ఈ చిటికెడునకు పద్దు లేదు. న్యాయము ముల్లు నిలిచినకడ ముగిసెను; కొసరు దాని పిమ్మటి మాట. ఎలక్ట్రానిక్ త్రాసు అంకెను వెలిగించి చూపును, గ్రాము కూడ తప్పదు, ఆ మేలు కాదనరాదు. కాని దాని ముందు నిలిచి కొసరు అడుగువారిని నే నీ నడుమ చూడలేదు.

పాఠకులకు నా విన్నపము. మీ యింటి అటకమీదనో, మూసివేసిన అంగడి మూలనో పాత తక్కెడ యున్నచో దింపి, ఇంటి పెద్దల ముందుంచి, పిడికి, కమ్మికి, ముల్లుకు, గొలుసుకు, పళ్లెమునకు, రాళ్లకు వారు వాడిన పేర్లు ఒక్కొక్కటిగా అడుగుడు. ఆ పేర్లు జిల్లాకొక తీరున నుండును. ఊరి పేరుతో సహా వ్రాసి యుంచుడు.